మొదటి సీఎన్‌సీకి ఏ సాఫ్ట్‌వేర్? లోతు అంకె మనతో వేయించేదే

గుణుపురం కుర్రాడొకడు ఫోన్ చేశాడు. ఆన్‌లైన్‌లో 3018 రౌటర్ (కంప్యూటర్ చెప్పినట్టు చెక్కని చెక్కే చిన్న సీఎన్‌సీ మెషిన్) తెప్పించుకుని బిగించుకున్నాడు. స్పిండిల్ (బిట్‌ని తిప్పే మోటారు) తిరుగుతోంది, మెషిన్‌తో వచ్చిన నమూనా ఫైలు కూడా చెక్కేశాడు. ఇప్పుడు సొంతంగా ఒక నేమ్ బోర్డు చెయ్యాలట. చుట్టూ అంచు ఒక లోతు, అక్షరాలు పైకి తేలేలా వాటి వెనక భాగం ఇంకో లోతు, చివరికి బోర్డు మొత్తం చెక్కలోంచి కోసుకుని బయటికి రావాలి. "ఏ సాఫ్ట్‌వేర్ వేసుకోమంటారు అన్నయ్యా?" అన్నాడు. బరంపురంలో తలుపులు చెక్కే షాపతను ఆర్ట్‌క్యామ్ అన్నాడట. ఇంజినీరింగ్ చదివే బావ ఫ్యూజన్ అన్నాడట. యూట్యూబ్‌లో ఎవరిని చూసినా ఈజెల్ అంటున్నారట. ఉచితంగా దొరుకుతుంటే డబ్బు దండగ ఎందుకు, ఫ్రీక్యాడ్ వేసుకో అని ఇంకెవరో అన్నారట.

ఎవరూ తప్పు చెప్పలేదు. కాకపోతే ఎవరికి అలవాటైనది వాళ్లు చెప్పారు. నేను కూడా చివరికి అదే చేస్తానేమో, కానీ కారణాలు చెప్పి చేస్తాను.

నా మాట ముందే చెప్పేస్తాను. మొదటి సాఫ్ట్‌వేర్‌ని ఎన్ని పనులు చేస్తుందో చూసి ఎంచుకోకూడదు. ఒక్కో ఆకారానికి లోతు ఎంతో మనతోనే అంకె వేయించాలి. ఆ లోతుని ఎక్కడి నుంచి కొలుస్తోందో దాచకుండా చూపించాలి. నెట్ లేకపోయినా నడవాలి. దేవుడి బొమ్మలు, నెమళ్లు, త్రీడీ తలుపులు ఆ తర్వాత సంగతి.

పెట్టెతో వచ్చేది సగం పనికే

3018 కొన్న చాలామంది ఇక్కడే తికమకపడతారు. మెషిన్‌తో పాటు ఇచ్చే క్యాండిల్ లాంటిది జీ-కోడ్‌ని (బిట్ ఎటు కదలాలో చెప్పే అంకెల ఫైలుని) మెషిన్ కంట్రోల్ బోర్డుకి పంపుతుంది, అంతే. యూనివర్సల్ జీ-కోడ్ సెండర్ అయినా, జీసెండర్ అయినా అంతే. బొమ్మ గియ్యడం ఒక పని, ఆ గీత మీద బిట్ (చెక్కని కోసే పుల్ల) ఏ దారిన, ఎంత లోతున నడవాలో లెక్కకట్టడం ఇంకో పని (దీన్నే క్యామ్ అంటారు), పంపడం మూడో పని. లోతుల గొడవంతా మధ్య పనిలోనే ఉంది. మనం ఎంచుకోవాల్సింది దాన్నే. పంపేది ఏదైనా పెద్ద తేడా లేదు, దాని మీద వాదనలకి దిగడం వృథా.

లోతు ఎక్కడి నుంచి?

ఇక్కడ కొంచెం ఆగాలి, ఎందుకంటే కొత్తవాళ్ల చెక్కలు ఎక్కువగా పాడయ్యేది ఇక్కడే.

లోతు అనే మాటకి ఈ పనిలో రెండు లెక్కలున్నాయి. ఒకటి, చివరికి ఎంత దిగాలి. రెండోది, ఒక్కో చుట్టుకి ఎంత దిగాలి. 12 ఎంఎం చెక్కని 3.175 ఎంఎం బిట్‌తో ఒకేసారి కోస్తే బిట్ విరుగుతుంది. బిట్ మందంలో సగం చొప్పున దిగమనేది మామూలు లెక్క, అంటే చుట్టుకి 1.5 ఎంఎం, మొత్తం ఎనిమిది చుట్లు. 3018 లాంటి చిన్న మోటారుతో టేకు మీద అయితే ఇంకా తగ్గించాలి. ఈ రెండో లెక్కని ఏ సాఫ్ట్‌వేరైనా బాగానే చూసుకుంటుంది. అది ఉందని "మల్టీ డెప్త్ ఉంది" అనుకుని తృప్తిపడకూడదు.

మొదటిదే చిక్కు. ఉదాహరణకి బోర్డులో అక్షరాల వెనక భాగం 4 ఎంఎం తవ్వాం. ఆ తవ్విన చోట మూలన ఒక తామరపువ్వు ఇంకో 2 ఎంఎం దిగాలి. ఈజెల్‌లో పువ్వు మీద క్లిక్ చేసి లోతు 6 అని పెట్టాలి, ఎందుకంటే అక్కడ ప్రతి లోతూ చెక్క పైముఖం నుంచే. వెక్ట్రిక్ వాళ్ల వీకార్వ్‌లో స్టార్ట్ డెప్త్ 4, కట్ డెప్త్ 2. అంటే కట్ డెప్త్ అక్కడ మొదలుపెట్టిన చోటు నుంచి కిందికి కొలత. ఫ్రీక్యాడ్‌లో స్టార్ట్ డెప్త్, ఫైనల్ డెప్త్ రెండూ జెడ్ (పైకీ కిందికీ కదిలే దిక్కు) కొలతలే: చెక్క పైముఖం సున్నా అనుకుంటే మైనస్ 4, మైనస్ 6. ఫ్యూజన్‌లో హైట్స్ అనే ట్యాబ్‌లో టాప్ ఎంత, బాటమ్ ఎంత, బిట్ పైకి లేచి తిరిగే ఎత్తు ఎంత అని విడివిడిగా చెప్పాలి.

పువ్వు ఒకటే, లోతు ఒకటే, చెప్పే తీరులే వేరు. ఈజెల్ వీడియో చూసి నేర్చుకున్నవాడు వీకార్వ్ తెరిచి స్టార్ట్ 4, కట్ 6 అని వేస్తే బిట్ 10 ఎంఎం దిగుతుంది. 12 ఎంఎం చెక్కలో ఇక మిగిలేది అట్టముక్క మందం. అందుకే నాలుగు సాఫ్ట్‌వేర్లు దింపుకుని రోజుకొకటి తిరగెయ్యడం కంటే, ఒకదాని కొలత పద్ధతి ఒంటబట్టే దాకా దాన్నే పట్టుకోవడం మేలు అంటాను.

మా వీధిలో వడ్రంగి మేస్త్రి ఉన్నాడు, మా నాన్న ఈడు మనిషి. నా మెషిన్ దగ్గర నిలబడి స్క్రీన్ మీద ఈ అంకెలన్నీ చూసి, "ఏటి బాబూ, లోతు దాన్నడగాలేటి? చిత్రిక పట్టకుండా ఏ లోతు కొలిచినా ఒట్టిదే కదా!" అన్నాడు. నవ్వేశాను గానీ, ఆయన చెప్పింది అక్షరాలా జెడ్ సున్నా (లోతు కొలవడం మొదలయ్యే చోటు) గురించే. గరుకు చెక్క మీద ఒక మూల సున్నా పెట్టి 4 ఎంఎం అంటే, రెండో మూల అది మూడున్నరో నాలుగున్నరో అవుతుంది. ఇక్కడ మహేంద్రగిరి కింద వానాకాలమంతా గాలిలో తేమే. మెషిన్ మీద పరిచిన ఎండీఎఫ్ (చెక్కపొడి నొక్కి చేసిన) పలక కూడా ఉబ్బుతుంది. దాన్నీ చెక్కనీ ఒకసారి చదును చెయ్యకుండా సాఫ్ట్‌వేర్‌ని తిట్టి లాభం లేదు.

సున్నా పైముఖం మీద పెట్టాలా, కింది పలక మీద పెట్టాలా అనేది కూడా లోతుల పనిలో చిన్న విషయం కాదు. బిట్ మార్చిన ప్రతిసారీ సున్నా మళ్లీ పట్టాలి. మొదటి బిట్ అప్పటికే పైముఖాన్ని తవ్వేసి ఉంటే, రెండో బిట్‌ని దేని మీద ఆనిస్తాం? ఆరపార కోత ఉన్న బోర్డుకి నేను కింది పలక మీదే సున్నా పెడతాను. 12 ఎంఎం అని అమ్మే షీటు కాలిపర్ పెట్టి చూస్తే తరచుగా కొంచెం తక్కువే ఉంటుంది. పైనుంచి 12 అంటే కింది పలకలోకి గాడి పడుతుంది. కింది నుంచి సున్నా అంటే ఆ బాధ లేదు. దానికి బదులు మందం సరిగ్గా కొలిచి ఇవ్వాలి, లేకపోతే పైన తవ్వే లోతులు తేడా కొడతాయి. ఏ పద్ధతి అయినా ఒక చోట జాగ్రత్తపడక తప్పదు. జాబ్ మొదలుపెట్టగానే "సున్నా పైనా, కిందా?" అని అడిగే సాఫ్ట్‌వేర్ అంటే అందుకే నాకిష్టం.

తెలుగు, ఒడియా అక్షరాలతో

మా పర్లాకిమిడిలో నేమ్ బోర్డు అంటే రెండు లిపులు. పైన ఒడియా, కింద తెలుగు, కొందరికి ఇంగ్లీషు కూడా. ఇంగ్లీషు బోర్డులు చెక్కేవాళ్ల వీడియోల్లో ఈ సంగతులు ఉండవు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

చాలా క్యామ్ సాఫ్ట్‌వేర్లలో నేరుగా తెలుగు టైపు చేస్తే వత్తులు విడిపోయి పక్కన కూర్చుంటాయి. ఒడియా యుక్తాక్షరాలదీ అదే గతి. అందుకని అక్షరాలు ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లోనే టైపు చేసి, ఆబ్జెక్ట్ టు పాత్ కొట్టి, గీతలుగా మార్చి ఎస్‌వీజీగా (గీతల ఫైలుగా) బయటికి తియ్యాలి. అక్కడితో అయిపోదు. "శ్రీ" తీసుకోండి. కొన్ని ఫాంట్లలో కింది నుంచి చుట్టుకొచ్చే రవత్తు గీత శకారం గీత మీదికి ఎక్కి ఉంటుంది. స్క్రీన్ మీద నల్లగా కలిసిపోయి కనిపిస్తుంది, క్యామ్‌కి మాత్రం అవి రెండు గీతలు. అవి కలిసిన చోటుని ఖాళీ అనుకుంటుంది. వెనక భాగం 4 ఎంఎం తవ్వి అక్షరం పైకి తేలేలా చేస్తున్నప్పుడు, సరిగ్గా శ్రీ మధ్యలో చిన్న గుంట పడుతుంది. ఇంక్‌స్కేప్‌లో యూనియన్ కొట్టి రెంటినీ ఒకే గీత చేస్తే పోయేదే. ప్రివ్యూలో చూసుకోకపోతే మాత్రం చెక్క పోతుంది.

రెండో విషయం బిట్ మందం. తలకట్టుకీ పక్క అక్షరానికీ మధ్య మూడు ఎంఎం సందు కూడా లేకపోతే 3.175 బిట్ అందులో దూరదు. సాఫ్ట్‌వేర్ కిక్కురుమనకుండా ఆ సందుని వదిలేస్తుంది. ఫలితంగా రెండక్షరాల మధ్య ఒక దిమ్మ మిగిలిపోతుంది. అక్షరం పక్కన వచ్చే సున్నా (ం) లోపల, ఠకారం చుక్క చుట్టూ కూడా ఇంతే. అక్షరం పెద్దది చెయ్యాలి, లేదా సన్నబిట్‌తో రెండోసారి తిప్పాలి. సన్నబిట్ అంటే మళ్లీ చుట్టు లోతు తగ్గించాలి.

గూగుల్ ఫాంట్లలో "గిడుగు" అని ఒకటుంది. రామమూర్తి పంతులుగారు మాస్టారుగా పనిచేసిన ఊళ్లో ఆయన పేరున్న అక్షరాలు చెక్కడం సరదాగానే ఉంటుంది. అయినా పైకి తేలే అక్షరాలకి "రామభద్ర" లాంటి లావుపాటి ఫాంటే నయం. సన్న వత్తు చెక్క నార అడ్డంగా వచ్చిన చోట పుటుక్కున ఊడిపోతుంది.

ఇంకో చిన్న సంగతి. 2017లో వచ్చిన ఇంక్‌స్కేప్ 0.92 నుంచి అంగుళానికి 90 చుక్కల లెక్క 96కి మారింది. పాత లెక్క మీద ఉన్న క్యామ్‌లోకి తెస్తే 100 ఎంఎం బోర్డు 106.67 అవుతుంది. తెచ్చిన వెంటనే కొలత చూసుకోవాలి.

ఈజెల్ మీద నాకున్న ఇష్టం, అనుమానం

లోతు అంటే ఏమిటో కళ్లకి చూపించడంలో ఈజెల్‌ని మించింది నేను చూడలేదు. ఆకారం మీద క్లిక్ చేసి లోతు పెంచుతుంటే బూడిదరంగు ముదురుతూ పోతుంది, ఆరపార కోతకి నలుపైపోతుంది. ఒక ఆకారం మీద ఇంకో ఆకారం పెట్టి దానికి లోతు సున్నా ఇస్తే అది ఎత్తుగా మిగులుతుంది. తవ్వుడు అంటే తెలియని పిల్లాడికైనా పది నిమిషాల్లో అర్థమవుతుంది. కుర్రాడికి యూట్యూబ్ చెప్పిన సలహా చెడ్డదేం కాదు.

కానీ అది బ్రౌజర్‌లో నడుస్తుంది. ఊళ్లో నెట్ బాగానే ఉంది, మెషిన్ ఉన్న రేకుల షెడ్డులో మాత్రం ఉండదు. ఇది చిన్న ఇబ్బందే, ఫోన్ హాట్‌స్పాట్‌తో గట్టెక్కొచ్చు. నా అసలు అనుమానం వేరే. వీకార్వింగ్ (వీ ఆకారపు బిట్‌తో అక్షరాలు చెక్కడం) లాంటివి డబ్బు కట్టే ప్రో వైపు ఉన్నాయి. ఉచితంగా ఏది ఉంటుంది, ఏది ప్రో వైపు జరుగుతుంది అనేది వాళ్లిష్టం. ఇదివరకు మేకర్‌క్యామ్ అని ఒకటుండేది, బ్రౌజర్‌లోనే, చాలా సులువైనది. అది ఫ్లాష్ మీద నడిచేది. 2020 ఆఖరుకి ఫ్లాష్ ఆగిపోయింది, దాని మీద నేర్చుకున్నవాళ్లు మళ్లీ మొదటికొచ్చారు. లోతు అంటే ఏమిటో అర్థం చేసుకోవడానికి ఈజెల్ చూడమని చెబుతాను. దాని మీదే కాపురం పెట్టమని మాత్రం చెప్పను.

"షాపులో ఉన్నదే నేర్చుకో"

ఈ వాదనకి బలం ఉంది, దాన్ని తేలిగ్గా కొట్టిపారెయ్యలేను. మన వైపు ద్వారబంధాలు, పూజగది తలుపులు చెక్కే షాపుల్లో పాత ఆర్ట్‌క్యామ్ ఇంకా నడుస్తోంది. పెన్ డ్రైవ్‌లో లక్ష్మీదేవి, గజలక్ష్మి, నెమళ్ల రిలీఫ్ (ఎత్తుపల్లాలతో తేలే బొమ్మల) ఫైళ్లు చేతులు మారుతుంటాయి. ఆ షాపులో ఉద్యోగం కావాలంటే ఆ సాఫ్ట్‌వేరే రావాలి. పొట్టకూటి విషయంలో నా సిద్ధాంతాలు పనికిరావు.

అయితే మన కుర్రాడు ఉద్యోగానికి కాదు, సరదాకి కొన్నాడు. ఆర్ట్‌క్యామ్‌ని ఆటోడెస్క్ 2018లోనే ఆపేసింది. ఆ పునాది మీద ఇప్పుడు కార్వెకో అనేది వేరే సంస్థ నడుపుతోంది, దానికి డబ్బు కట్టాలి. ఊళ్లో తిరిగే కాపీలు తాళం విరగ్గొట్టినవి. వాటితో పాటు ఏ వైరస్ వస్తుందో ఎవరికి తెలుసు!

నాకు అంతకంటే పెద్ద అభ్యంతరం ఇంకోటుంది. రిలీఫ్‌తో మొదలుపెట్టినవాడు లోతుని అసలు చూడడు. ఫైలు తెరుస్తాడు, మొత్తం మందం 10 ఎంఎం అంటాడు, మిగతా ప్రతి చుక్క లోతూ ఆ ఫైలు గీసిన ఎవరో మహానుభావుడు నిర్ణయించేసి ఉంటాడు. ముక్కు ఎక్కువ లేచిందా, చెవి లోపలికి పోయిందా అంటే సరిచెయ్యడం రాదు. బరంపురం షాపతను కుర్రాడికి చూపించిన తలుపు నేనూ చూశాను. నగిషీ బ్రహ్మాండంగా ఉంది. దాని చుట్టూ కమ్మీకి 3 ఎంఎం గాడి ఒకటి తియ్యాల్సి వస్తే అతను రౌటర్ చేత్తో పట్టుకుని తీశాడట. అంత పెద్ద మెషిన్ పక్కనే ఉండగా!

పైగా లెక్క చూడండి. 200 బై 150 ఎంఎం రిలీఫ్‌ని గీతకీ గీతకీ 0.3 ఎంఎం ఎడంతో నునుపు చెయ్యాలంటే 500 గీతలు, ఒక్కోటి 200 ఎంఎం. మొత్తం లక్ష ఎంఎం. నిమిషానికి 800 చొప్పున నడిపినా రెండు గంటలు దాటుతుంది, అదీ ముందు జరిగే ముతక కోత కలపకుండా. మధ్యలో కరెంటు పోతే మామూలు 3018కి లిమిట్ స్విచ్చులు (తన మూల స్థానాన్ని గుర్తుపట్టడానికి వాడేవి) ఉండవు, తను ఎక్కడుందో మర్చిపోతుంది. అదే విడివిడి లోతుల బోర్డు అయితే అంచు ఒక ఫైలు, వెనక భాగం ఒక ఫైలు, బయటి కోత ఒక ఫైలుగా దాచుకోవచ్చు. కరెంటు పోయినా మూల దగ్గర సున్నా మళ్లీ పట్టి, ఆగిన ఫైలు దగ్గర్నుంచి మొదలుపెట్టొచ్చు. బయటి కోత ఎప్పుడూ చివరిదే ఉండాలి, ట్యాబ్‌లు (ముక్క ఊడిపోకుండా కొయ్యకుండా ఉంచే చిన్న తునకలు) వదిలి. ముందే కోసేస్తే ముక్క కదిలిపోయి మిగతా లోతులన్నీ గోవిందా.

బావ చెప్పిన ఫ్యూజన్, ఉచితమన్న ఫ్రీక్యాడ్

ఫ్యూజన్ గొప్పది. ఆ హైట్స్ ట్యాబ్ ఒక్కటి అర్థమైతే లోతుల సంగతి మొత్తం అర్థమైనట్టే. కానీ సొంత వాడకానికి ఇచ్చే ఉచిత లైసెన్స్‌లో 2020 నుంచి కోతలు పెట్టారు: మార్చడానికి వీలుగా పది డాక్యుమెంట్లే ఉంచుకోవాలి, బిట్ గాల్లో వేగంగా పరుగెత్తాల్సిన చోట కూడా కోత వేగంతోనే నడుస్తుంది. లాగిన్ కావాలి, దండి ల్యాప్‌టాప్ కావాలి. మెకానికల్ చదివే బావకి అది బడి, నేమ్ బోర్డు కుర్రాడికి కాదు.

ఫ్రీక్యాడ్ విషయంలో నా మనసు రెండుగా ఉంటుంది. ఎవరూ లాక్కోలేరు, ఎవరూ నెల చందా అడగరు, 2024 నవంబర్‌లో 1.0 కూడా వచ్చింది. మన లాంటి చోట నిజానికి గెలవాల్సింది అదే. కానీ స్కెచ్, బాడీ, జాబ్, టూల్ కంట్రోలర్ అనుకుంటూ వెళ్తే మొదటి చెక్కపొట్టు రాలేలోపు కొత్తవాడికి విసుగొస్తుంది. చెక్కపొట్టు రాలకపోతే హాబీ రాలిపోతుంది. రెండో మెట్టుగా అదే నా సలహా.

సరే, మరి ఏది?

కుర్రాడికి ఇంక్‌స్కేప్, ఎస్టల్‌క్యామ్ చెప్పాను. గియ్యడానికి మొదటిది, లోతులకి రెండోది. ఎస్టల్‌క్యామ్ జర్మనీలో ఒకాయన రాసిన చిన్న సాఫ్ట్‌వేర్. పాత ల్యాప్‌టాప్‌లోనూ నడుస్తుంది, నెట్ అడగదు. ఎస్‌వీజీ తెచ్చి, ఒక్కో గీత మీద నొక్కి ఇది పార్ట్ (గీత బయట కోత), ఇది హోల్ (గీత లోపల కోత), ఇది ఎన్‌గ్రేవింగ్ (గీత మీదే చెక్కుడు) అని చెప్పి, ఒక్కోదానికి లోతు అంకె వెయ్యాలి. వెయ్యకపోతే కుదరదు, అదే నాకు కావాల్సింది. ఉచితంగా వాడినంతకాలం పనులేమీ ఆపదు, ఫైలు దాచేటప్పుడు కొంచెంసేపు కూర్చోబెడుతుంది, వాడుతున్న కొద్దీ ఆ సేపు పెరుగుతుంది. విసుగొచ్చాక లైసెన్స్ కొనుక్కోవచ్చు, వీకార్వ్‌తో పోలిస్తే చాలా చవక. దాని ముఖం చూస్తే ముచ్చటేమీ వెయ్యదు, బటన్లు ఎక్కడున్నాయో వెతుక్కోవాలి, అది నిజమే.

వీకార్వ్ కొనగలిగిన స్తోమత ఉంటే వాదించను, అన్నిటికంటే సాఫీగా నడిచేది అదే. ట్రయల్‌లో మన సొంత డిజైన్ చెక్కుకోవడానికి జీ-కోడ్ ఇవ్వదు కాబట్టి చూసి నేర్చుకోవడం వరకే. కొత్తవాడు చెక్కల కంటే, బిట్ల కంటే ముందు వందల డాలర్లు సాఫ్ట్‌వేర్‌కి పెట్టడం నాకు మింగుడుపడదు.

ఒక షరతు మాత్రం పెట్టాను. జీ-కోడ్ తయారయ్యాక దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి జెడ్ అంకెలు వెతకమన్నాను. పైన జీ21 ఉందా అని చూడాలి, ఉంటే ఎంఎం. లేక జీ20 ఉంటే అంగుళాలు, నొక్కే ముందే ఆపెయ్యాలి. తర్వాత అన్నిటికంటే పెద్ద మైనస్ అంకె ఏది? సున్నా పైముఖం మీద ఉన్న 12 ఎంఎం బోర్డుకి అక్కడ మైనస్ 18 కనిపిస్తే ఏదో తేడా ఉన్నట్టే. కింది పలక మీద సున్నా పెట్టుంటే అసలు మైనస్ అంకెలే రాకూడదు, వచ్చినా ఆరపార కోతకి వదిలిన వెంట్రుకవాసి మాత్రమే. ఇది చూడటానికి ప్రోగ్రామింగ్ రానక్కర్లేదు. మేస్త్రికి చూపిస్తే ఆయన కూడా పోల్చుకున్నాడు, "ఇదా మీ ఉలి గీత" అన్నాడు.

ఇంకొక్క మాట. ఈ సలహా విండోస్ వాళ్లకే. ఎస్టల్‌క్యామ్ మ్యాక్ మీద, లినక్స్ మీద నడవదు. వాళ్లు బ్రౌజర్‌లో నడిచే కిరి మోటోతో మొదలుపెట్టొచ్చు, ఓపిక ఉంటే నేరుగా ఫ్రీక్యాడ్‌కే వెళ్లిపోవచ్చు. ఏది వేసుకున్నా మొదటి బోర్డు టేకు మీద కాకుండా చవక ఎండీఎఫ్ ముక్క మీద చెయ్యండి. దుమ్ము విపరీతం, ముక్కుకి మాస్కు కట్టుకోండి.